నా సైరన్‌కు దారిచ్చేవాళ్ళు

నేను అంబులెన్సుని. చెన్నై రేవులో ఓడెక్కి, సముద్రం దాటి హాడో వార్ఫులో దిగాను. అప్పటికి ఈ ఊరు పోర్ట్‌బ్లెయిర్. 2024 సెప్టెంబరు నుంచి కాగితాల మీద శ్రీ విజయపురం.

ఇక్కడ రోడ్లు కొన్నే. వాటి మీద తిరిగేవాళ్ళలో చాలామంది ఒకరికొకరు తెలిసినవాళ్ళే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. మా డ్రైవరూ శ్రీకాకుళం నుంచి వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డ కుటుంబంవాడే. అందుకే అతణ్ణి మొహమాటం లేకుండా అడుగుతారు.

"బావా, స్వరాజ్ ద్వీప్ ఓడ ఎల్లిపోద్ది. ఫీనిక్స్ బే జెట్టీకాడ దింపెయ్. ఓపాలి సైరనేత్తే అందరూ తప్పుకుంటారు."

అడిగినాయన చెడ్డవాడు కాడు. ఆ ఓడ తప్పితే తర్వాతి దానికి టికెట్ దొరుకుతుందో లేదో. దీవుల్లో మనిషికి మనిషి సాయపడకపోతే బతుకు సాగదని అందరికీ తెలుసు. కానీ ఆయన అడుగుతున్నది మా డ్రైవరు చేతిలో ఉన్న సాయం కాదు. అబర్డీన్ బజారులో బండి పక్కకు తీసే ఆటోవాలా, సరుకు దించుతూ ఆగిపోయే కూలీ, బడిపిల్లల్ని వెనక్కి లాగే తల్లి, వీళ్ళందరూ ఇచ్చే సాయం అది. వాళ్ళనెవరూ అడగలేదు.

వాళ్ళు ఎందుకిస్తారో నేను చూస్తూనే ఉన్నాను. హట్‌బే నుంచో కార్ నికోబార్ నుంచో హెలికాప్టర్‌లో రోగిని తెస్తారు. గాలిలో అంత దూరం దాటించిన ప్రాణాన్ని జి.బి.పంత్ ఆసుపత్రి గుమ్మం దాకా చేర్చే చివరి కాస్త దూరం నాది. లోపల ఆక్సిజన్ సిలిండరు ముల్లు కిందికి జారుతుంటుంది. దారిలో నిలబడ్డవాళ్ళలో ఎవరో ఒకరి అన్నో అత్తో ఏదో ఒక రోజు అలా వచ్చినవాళ్ళే. అందుకే తప్పుకుంటారు.

తుంటి విరిగిన ముసలాయన్ని సైరన్ లేకుండా గారాచర్మాలో ఇంటికి దించితే ఎవరూ తప్పు పట్టరు. ఆటోలో కూర్చోలేని మనిషని వాళ్ళకు తెలుసు. పెళ్ళివారిని చిడియాటాపుకి తీసుకుపొమ్మంటే మాత్రం మొహాలు మారతాయి. పాతిక కిలోమీటర్ల దూరం. నేను అక్కడుండగా ఇక్కడ ఫోను మోగితే వెళ్ళేదెవరు?

2023 జూలైలో హైదరాబాద్ బషీర్‌బాగ్ దగ్గర జరిగింది మా డ్రైవరు ఫోనులో చూశాడు. సైరన్ విని ట్రాఫిక్ కానిస్టేబుల్ మిగతా బళ్ళన్నీ ఆపి ఒక అంబులెన్సుకు దారిచ్చాడు. కాస్త ముందుకెళ్ళి ఆ బండి టిఫిన్ సెంటర్ పక్కన ఆగింది. లోపల రోగి లేడు. మిరపకాయ బజ్జీలూ పళ్ళరసమూ ఉన్నాయి. నర్సుకు ఒంట్లో బాగాలేదని ఆ డ్రైవరు చెప్పుకున్నాడు. కానిస్టేబుల్ కెమెరాలో అంతా రికార్డయింది, అప్పటి డీజీపీ అంజనీ కుమార్ ఆ వీడియో బయటపెట్టారు. జనం అంతగా రగిలిపోయింది బజ్జీల మీద కాదు. ఆ సైరన్ విని కంగారుపడి పక్కకు జరిగినందుకు. నాకు ఆ కోపం న్యాయంగానే తోచింది.

ఆ కోపం మాత్రం మర్నాడు ఆ బండి మీదికి పోదు, మా అందరి మీదికీ వస్తుంది. ముందున్న కారతను అద్దంలో నన్ను చూసి, నిజమా కాదా అని ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణం నా లోపల పడుకున్న మనిషిది.

ఓడ కోసం అడిగిన ఆ బావకు మా డ్రైవరు చెప్పిన జవాబు నాకిష్టం: "ఆటో పిలుత్తాను, డబ్బులు నేనిత్తాను. దీన్ని మాత్రం అడక్కు." బావ ఆరోజు అలిగి వెళ్ళిపోయాడు. తర్వాత మా డ్రైవరు వాళ్ళింటికి పోయి భోంచేసి వచ్చాడు, గొడవ తీరిపోయింది.

2017 మే 1 నుంచి మంత్రుల, అధికారుల కార్ల మీద ఎర్రబుగ్గలు తీసేశారు. మాలాంటి అత్యవసర బళ్ళకు దీపం ఉంచారు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి, మాకు దారివ్వని వాళ్ళకు 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. బషీర్‌బాగ్ బండికి పడిన జరిమానా 1,000 రూపాయలు. రోగి లేకుండా సైరన్ మోగించిన వాళ్ళకూ ఆ 10,000 వెయ్యాలని, ఏ బండి ఎవరికోసం ఎటు పోయిందో రోజూ ఆసుపత్రి గుమ్మంలో రాసిపెట్టాలని నేను కోరుతున్నాను.