కొత్త ప్రిన్సిపాల్‌కు అయిదు తలకిందుల సలహాలు

మచ్చ బొల్లారం నుంచి పాత అల్వాల్ వైపు వెళ్తే 1976లో జెస్యూట్ ఫాదర్లు పెట్టిన లయోలా అకాడమీ వస్తుంది. శామీర్‌పేట వైపు వెళ్తే టీకాలు తయారయ్యే జీనోమ్ వ్యాలీ. ఈ రెండింటి నడుమ బస్సుల్లో వేలాడుతూ బీఎస్సీకి వెళ్లే పిల్లల్లో చాలామంది ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాళ్లే. వాళ్లు చదివే కాలేజీల్లో కొన్ని మైనారిటీ సంస్థలు. మతపరమైన, భాషాపరమైన మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకోవచ్చని రాజ్యాంగం 30వ అధికరణ హక్కు ఇచ్చింది. అలాంటి కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. నా సలహాలు వింటే నాకు మతి పోయిందనుకుంటారు. అయినా ఒక్క సంవత్సరం చేసి చూడండి.

1. కొత్త పరికరాలు కొనకండి

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆయన మైక్రోస్కోపు మరలు చెమటకు తుప్పు పట్టాయి, కంటి దగ్గరి అద్దం బీటవారింది. అయినా ఆ పరిశోధనకే 1902లో నోబెల్ వచ్చింది. మీ స్టోర్‌రూమ్ బీరువాలో అట్టపెట్టెలు కూడా విప్పనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ముందు వాటిని బల్ల మీదికి తెండి.

2. గాజు పగలనివ్వండి

నేను పనిచేసిన ఒక చోట బ్యూరెట్ పగిలితే డబ్బు కట్టాలి. ఒకమ్మాయి ఆ భయంతో మూడేళ్లూ పక్కన నిలబడి రీడింగులు రాసుకుంది. చివరి ప్రాక్టికల్ పరీక్షలో మొదటిసారి తనే బ్యూరెట్ తిప్పింది. వేళ్లు వణుకుతున్నాయి. చుక్క, చుక్క, ఇంకో చుక్క. ఫ్లాస్కులో లేత గులాబీ రంగు తిరిగింది, నిలిచింది. ఆ పిల్ల నోరు తెరిచి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ క్షణం మొదటి సంవత్సరంలోనే రావలసింది. పగిలిన గాజు ఖర్చు కాలేజీ ఖాతాలో రాయండి.

3. పుస్తకంలో విలువ రాకపోయినా మార్కులు వేయండి

లోలకంతో గురుత్వ త్వరణం కొలవమంటే క్లాసంతా 980 అని రాస్తుంది, సీనియర్ రికార్డు చూసి. మన హైదరాబాదులో అది సెకను వర్గానికి సుమారు 978 సెంటీమీటర్లు. భూమధ్యరేఖకు దగ్గరగా, సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్నాం కాబట్టి కాస్త తగ్గుతుంది. పిల్లవాడికి 965 వచ్చినా అదే రాయనివ్వండి. ఎందుకు తేడా వచ్చిందో ఒక పేజీ రాయించి, ఆ పేజీకి మార్కులు వేయండి.

4. ల్యాబ్‌లో ఇంగ్లిష్ మాట్లాడాలనే రూలు తీసేయండి

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలోనే మొదలైంది. సైన్సుతో సహా పాఠ్యపుస్తకాలు ఉర్దూలోకి తర్జుమా చేయడానికే దారుల్ తర్జుమా అని ఒక శాఖ పెట్టారు. తెలుగులోనో ఉర్దూలోనో "ఇదెందుకు ఇలా అయింది మేడమ్?" అని అడగగలిగిన పిల్ల రేపు ఇంగ్లిష్‌లోనూ అడుగుతుంది. తప్పుగా మాట్లాడతానేమోనన్న భయంతో నోరు మూసుకున్న పిల్ల ఏ భాషలోనూ అడగదు.

5. ఆఫీసుకు తాళం వేయండి

వారంలో ఒక మధ్యాహ్నం ఫైళ్లు ఆగితే ఆగనివ్వండి. మొదటి సంవత్సరం ప్రాక్టికల్‌కు వెళ్లి చివరి బల్ల దగ్గర నిలబడండి. "ఎంత రావాలి?" అని మాత్రం అడగకండి. అందుకు జవాబు సీనియర్ రికార్డులో ఉంటుంది. "నీకు ఎంత వచ్చిందమ్మా?" అని అడగండి. జవాబు వచ్చేదాకా అక్కణ్నుంచి కదలకండి.