చెవి సలహాలు: వీటిలో ఒక్కటీ పాటించకండి

"డెబ్భై దాటాయి, ఇప్పుడు వినపడకపోతే మునిగిపోయేదేముంది?"

బందరు కోనేరు సెంటరు నుంచి నాగాయలంక దాకా, ఏ ఇంట్లో పెద్దవాళ్లకి వినికిడి తగ్గినా ముందు పడే సలహా ఇదే. కొడుకు అంటాడు, కోడలు అంటుంది, ఆఖరికి ఆ పెద్దాయనే అంటాడు. మిగతా తప్పుడు సలహాలన్నీ కలిసి చేసే నష్టం కంటే ఇదొక్కటీ చేసేదే ఎక్కువని నా నమ్మకం. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మన వైపు మునిగిపోవడం మాటవరసకి అనేది కాదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన నేల దివిసీమ. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకి పైగా నీరు దిగువకి వచ్చింది. ఊరు ఖాళీ చెయ్యమనే కబురు ఇప్పటికీ మైకులోనో, పక్కింటివాళ్ల కేకలోనో, ఫోను మోతలోనో వస్తుంది. ఈ మూడూ చెవి మీద ఆధారపడ్డవే. వరండాలో ఒంటరిగా పడుకునే ముసలామెకి అర్ధరాత్రి ఆ కేక వినపడాలా, అక్కర్లేదా?

అసలు వయసుతో చెవిలో జరిగేదేమిటో తెలిస్తే ఈ సలహా ఎవరూ ఇవ్వరు. వినికిడి అన్ని శ్రుతుల్లోనూ ఒకేసారి తగ్గదు, ముందు పోయేవి పై శ్రుతులు. అచ్చులు బరువుగా కింది శ్రుతుల్లో ఉంటాయి గనక నిలుస్తాయి. క, చ, త, ప, స లాంటి హల్లుల బలమంతా సన్నటి పై శ్రుతుల్లో ఉంటుంది గనక అవి జారిపోతాయి. పాలు, చాలు, తాలు మూడూ ఒక్కలాగే చేరతాయి. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గొంతు రేడియోలో ఎప్పటిలాగే గంభీరంగా వినిపిస్తుంది, పాటలో మాటలు మాత్రం తెలియవు. అందుకే ఆ వయసువాళ్లు "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. వాళ్లు చెబుతున్నది అక్షరాలా నిజం.

ఇక్కడే ఇంట్లోవాళ్లు ఇంకో మాట కలుపుతారు: "చెవుడూ లేదు, ఏమీ లేదు. తనకి కావాల్సినవి బాగానే వినపడతాయి." లారీ హారను, తలుపు చప్పుడు, ఎదురుగా కూర్చున్న పాత నేస్తం మగగొంతు వినపడతాయి, మనవరాలి సన్నటి గొంతు వినపడదు. అది వేషం కాదు, శ్రుతుల తేడా. సగం విని తప్పు జవాబు చెబితే "మతి పోతోంది" అని పేరు పెడతారు. నలుగురిలో మాటపడలేక ఆయన పెళ్లిళ్లు మానేస్తాడు, రచ్చబండ మానేస్తాడు, చివరికి మాట్లాడటమే తగ్గిస్తాడు. ఆ ఒంటరితనం తర్వాత నిజంగానే మెదడు మీద పడుతుంది. చేతనైతే అడ్డుకోగల మతిమరుపు కారణాలు 14 అని లాన్సెట్ కమిషన్ 2024లో లెక్క తేల్చింది. వాటిలో వినికిడి లోపం ఒకటి.

"గట్టిగా అరిచి చెప్పండి, వినపడుతుంది." అరిస్తే పెరిగేది ఎక్కువగా అచ్చుల మోత, పోయిన హల్లులు తిరిగి రావు. పైగా అరిచే మొహంలో ఆయనకి కోపమే కనిపిస్తుంది. టీవీ ఆపి, వెలుగులో ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో కొంచెం నిదానంగా చెప్పండి.

"వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వెయ్యి." ఈ సలహా ఇచ్చేవాళ్లకి ప్రేమ తక్కువని నేననను. కానీ చెవి లోపల కర్ణభేరికి చిల్లు ఉందో లేదో బయట నుంచి చూసి చెప్పడం వాళ్ల వల్ల కాదు. చిల్లుంటే ఆ నూనె నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది. మన డెల్టా ఉక్కకి, చెమటకి నూనె తోడైతే చెవిలో బూజు పడుతుంది. కోడి ఈక, పిన్నీసు, అగ్గిపుల్ల, దూది చుట్టిన పుల్ల అన్నీ గుబిలిని బయటికి తెచ్చేకంటే లోపలికి నెట్టేవే. చెవి తన గుబిలిని తానే మెల్లగా బయటికి తోసుకుంటుంది. గట్టిపడి అడ్డం పడితే ఈఎన్‌టీ డాక్టరు చూస్తూ తీస్తారు, అంతటితో వినికిడి తిరిగొచ్చేవాళ్లు చాలామంది. ఇక "పిల్లల చెవి కారడం మామూలే, పెద్దయితే తగ్గిపోతుంది" అనే మాట వింటే నాకు భయమేస్తుంది. కంపు కొట్టే చీము నెలల తరబడి కారుతోందంటే లోపల ఎముకని తినేసే జబ్బు ఉండొచ్చు. అది మెదడు దాకా పోగలదు.

"జలుబు పట్టేసింది, నాలుగు రోజులు చూద్దాం." నిన్నటిదాకా బాగున్న చెవి ఒకటి, రాత్రికి రాత్రి లేదా రెండు మూడు రోజుల్లో వినపడటం మానేస్తే చూడటానికి నాలుగు రోజులు లేవు. లోపలి చెవికి ఒక్కసారిగా వచ్చే ఈ దెబ్బకి స్టెరాయిడ్ మందులు పనిచేసే అవకాశం మొదటి రోజుల్లోనే ఎక్కువ, రెండు వారాలు దాటితే బాగా తగ్గిపోతుంది. చెవిలో హోరు, కళ్లు తిరగడం తోడైతే అసలు ఆలోచించకుండా ఆ రోజే బయల్దేరండి.

పసిపిల్లల సంగతిలో మన సలహాలు మరీ దారుణం. "వస పొయ్యండి, మాటలొస్తాయి." "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకి గానీ రాలేదు." "పళ్లెం మోగిస్తే తిరిగి చూశాడుగా!" వినపడని బిడ్డకి వస ఎంత పోసినా మాట రాదు, ఎందుకంటే మాట వినికిడి నుంచే వస్తుంది. పళ్లెం మోతకి తిరిగిన బిడ్డ మన చెయ్యి కదలడం చూసి ఉండొచ్చు. లేదా అంత పెద్ద మోత మాత్రమే వినగలిగి, అమ్మ మాట వినలేకపోతుండొచ్చు. బిడ్డ నిద్రలో ఉండగా కొద్ది నిమిషాల్లో చేసే ఓఏఈ అనే పరీక్ష ఉంది. అనుమానం వస్తే మెదడు దాకా శబ్దం చేరుతోందో లేదో చూసే బేరా పరీక్ష ఉంది. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలకి నిర్ధారణ, ఆరు నెలలకి చికిత్స మొదలు అన్నది నిపుణులు చెప్పే గడువు. మేనరికం చేసుకున్న ఇళ్లలో, బిడ్డ నెలలు నిండకుండా పుట్టిన ఇళ్లలో, పుట్టగానే పచ్చకామెర్లు ముదిరిన ఇళ్లలో ఈ గడువు మరీ ముఖ్యం. లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద ఎందరో పిల్లలకి దాన్ని ఉచితంగా అమర్చారు. ఆ పథకానికి 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. కానీ దానికి వయోపరిమితి ఉంది, మెదడు భాష నేర్చుకునే వయసుకీ పరిమితి ఉంది. మోపిదేవి గుడిలో బిడ్డకి చెవులు కుట్టించే వేళకే ఆ చెవులు వింటున్నాయో లేదో ఇంట్లోవాళ్లకి తెలిసి ఉండాలి.

"మోత అలవాటైపోతుంది." గుడివాడ రైసు మిల్లులో, గిలకలదిండి బోట్ల ఇంజన్ల పక్కన పనిచేసే కుర్రాళ్లకి పెద్దవాళ్లు చెప్పే మాట ఇది. అలవాటైంది అనుకునేది చాలాసార్లు వినికిడి పోవడమే. అమెరికాలోని నయోష్ సంస్థ చెప్పిన హద్దు 85 డెసిబెల్స్‌కి రోజుకి 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. ఊరేగింపు డీజే బాక్సు పక్కన నిలబడ్డవాళ్లకి ఆ 15 నిమిషాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. మెత్తటి నురగ బిళ్లలు చవకగా దొరుకుతాయి, చెవుల్లో పెట్టుకోండి.

"పరీక్ష దేనికి, నేరుగా మిషను కొట్టుకి పోదాం." ఇది బాగా చదువుకున్నవాళ్లు కూడా చేసే తప్పు. పరీక్ష మిషను కొనడం కోసం చేయించుకునేది కాదు, లోపం ఎక్కడుందో తెలుసుకోవడం కోసం. శబ్దం రాని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి సన్నటి కూతలు వినిపిస్తారు. ఎంత లీలగా వినిపించినా మీట నొక్కాలి. "గట్టిగా వినిపిస్తేనే నొక్కు" అని చెప్పేవాళ్ల మాట వినకండి. తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న పరికరం పెట్టి మళ్లీ వినిపిస్తారు. గాలి దారిలో వినపడక ఎముక దారిలో బాగా వినపడితే అడ్డు బయటి చెవిలోనో మధ్యచెవిలోనో ఉన్నట్టు, దానికి మందో ఆపరేషనో ఉండొచ్చు. రెండు దారుల్లోనూ తగ్గితే లోపం లోపలి చెవిదో నరానిదో. ఆడియోగ్రామ్ అనే గ్రాఫులో కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు వేస్తారు. గుర్తు ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడితే మోత చేసిన గాయమని అనుమానించాలి.

మిల్లు పని దిగీ, డీజే దగ్గర నుంచి వచ్చీ నేరుగా పరీక్షకి వెళ్లకండి. ముందురోజు సాయంత్రం నుంచి చెవికి విశ్రాంతినివ్వండి. వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లండి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజక్షన్లు, కొన్ని క్యాన్సరు మందులు చెవిని దెబ్బతీయగలవు. వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు ఉందో లేదో అడగడం మర్యాద తప్పడం కాదు. బందరు పెద్దాసుపత్రి 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలకి అనుబంధం, మొదలు పెట్టడానికి అక్కడి ఈఎన్‌టీ విభాగం చాలు. అక్కడ కుదరకపోతే విజయవాడ ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి.

వికలాంగుల ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో "వినపడినా వినపడనట్టు కూర్చో" అనే సలహా కూడా మన ఊళ్లలో ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ దాటిన లోపానికే గుర్తింపు. మనిషి అబద్ధమాడినా బేరా యంత్రం ఆడదు. ఆ అబద్ధానికి నష్టపోయేది నిజంగా వినపడక వరసలో నిలబడ్డవాళ్లే.

ఇక మిషను. "మిషను పెడితే ఉన్న వినికిడీ పోతుంది" అంటారు. ఆడియోగ్రామ్ చూసి సరిగ్గా అమర్చిన మిషను వల్ల పోదు. అందరికీ ఒకేలా మోత పెంచే చవక యాంప్లిఫయరుతో మాత్రం ఆ ప్రమాదం ఉంది. "చుట్టాలొచ్చినప్పుడు పెట్టుకుంటే చాలు" అంటారు. ఏళ్ల తరబడి కొన్ని శబ్దాలు మర్చిపోయిన మెదడు వాటిని మళ్లీ పోల్చుకోవాలంటే రోజూ గంటల తరబడి పెట్టుకోవాలి. "నాన్నగారి మిషను ఉంది, బాబాయికి ఇద్దాం" అంటారు. అది నాన్నగారి గ్రాఫుకి అమర్చింది, బాబాయి చెవికి సరిపోదు. అమర్చినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి బాబాయి కొలతలకి మార్చడానికి వీలవుతుందేమో అడగండి. సముద్రపు తేమకి మిషన్లు త్వరగా పాడవుతాయి గనక రాత్రి పూట సిలికా జెల్ వేసిన డబ్బాలో ఉంచండి. కొనేముందు ధర కంటే ముందు అడగాల్సింది ఒకటుంది: మొదటి నెలల్లో మళ్లీ మళ్లీ వస్తే ఉచితంగా సరిచేస్తారా? చెయ్యం అనేవాళ్ల దగ్గర కొనకండి.