సర్వే సారు

పొద్దున నల్లగొండ గ్రంథాలయం తలుపులు తీసేసరికి మెట్ల మీద ఒక గుడ్డసంచి, దాని పక్కన ఒక మనిషి ఉంటారు. సంచిలో నాలుగు పొడుగు నోటుబుక్కులు, ఒక స్కేలు, నీలం పెన్ను, ఎర్ర పెన్ను, రెండు జొన్నరొట్టెలు. మనిషి సర్వే సారు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది, అక్కడే ఉండనిద్దాం. వెతికితే ఇటువంటాయన మీ ఊళ్లోనూ దొరుకుతారు.

సర్వే సారు పరిశ్రమ పెట్టబోతున్నారు. ఈ ముచ్చట 1994 నుంచి నడుస్తోంది. క్లాక్ టవర్ దగ్గర ఛాయ్ తాగేవాళ్లు "ఏం సారూ, షురూ జేసిండ్రా?" అని పలకరిస్తే, గ్లాసు కింద పెట్టి, "స్టడీ నడుస్తున్నది" అంటారు. అప్పట్లో ఆ జవాబు విన్న కుర్రాళ్లకు పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలు కూడా ఇప్పుడు అదే మాట అడుగుతున్నారు. స్టడీ నడుస్తూనే ఉంది.

ఆయన లెక్కలో వ్యాపారం కొబ్బరికాయతో మొదలు కాదు, నంబరుతో మొదలవుతుంది. దేశంలో ఉన్న పనులన్నిటికీ సర్కారు 2008లో వేసిన వర్గీకరణ నంబర్లు ఆయనకు నోటికొచ్చు. బస్సు మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు నుంచి పోతుంటే పక్క సీటాయన మోకాలు తట్టి "10612" అంటారు. పిండిమర కనబడితే 10611. పప్పు మిల్లయితే 10613. వంటింట్లోంచి ఇంటావిడ "కందిపప్పు అయిపోయింది" అని కేకేసినా ఆయనకు ఆ చివరి నంబరే గుర్తొస్తుంది. సంచి పట్టుకుని కొట్టుకు పోయేది మాత్రం ఆవిడే.

పుస్తకాల సంగతైతే చెప్పనక్కర్లేదు. 1876లో అమెరికా లైబ్రేరియన్ డ్యూయీ విద్యలన్నిటికీ అంకెలు వేసిపెట్టాడు కదా, సారు వాటిని పంచాంగంలా చూస్తారు. ఒకనాడు నన్ను చెయ్యి పట్టుకుని బీరువాల మధ్యకు తీసుకుపోయారు. "ఇంట్ల తిననీకె పెట్టుకునే పచ్చడి 641. అదే పచ్చడి అమ్మనీకె పెడితే 664. నడుమ ఇర్వై మూడు నంబర్లు. మనోళ్లు గీడనే జారి పడుతున్నరు." నిజమే మరి. మా మేనత్త మామిడికాయ పచ్చడికి ఊరంతా లొట్టలేస్తుంది గానీ, ఉప్పెంత, నూనెంత అని అడిగితే చేతివేళ్లు చూపిస్తుంది. ఆ వేళ్లను గ్రాముల్లోకి మార్చడమే ఇరవై మూడు నంబర్ల ప్రయాణం. సారు ఆ దారిలో ప్రతి మైలురాయినీ చదివారు. అడుగొక్కటే వెయ్యలేదు.

పేపరు చదవడంలో కూడా ఆయన దారి వేరు. అందరూ మంత్రిగారు రిబ్బన్ కత్తిరించిన ఫొటో చూస్తుంటే, ఆయన బ్యాంకులు వేసే ఆస్తుల స్వాధీనం ప్రకటనలు చదువుతారు. 2002లో సర్ఫేసీ చట్టం వచ్చిన దగ్గర్నుంచి ఆ చిన్నక్షరాల పేజీ ఆయనకు పండగ. "పుట్టినయి ఫొటోలల్ల ఉంటయి, సచ్చినయి గీడుంటయి. రెండూ ఎక్కియ్యకపోతే గది సర్వే గాదు." నీలం పెన్ను పుట్టుకలకు, ఎర్ర పెన్ను చావులకు. ఎర్ర పెన్నుకు రీఫిల్ తొందరగా అయిపోతుంది.

ఇంత చదివినాయన ఏమీ చెయ్యలేదంటే తప్పు. ఒకసారి బత్తాయి రసం ఫ్యాక్టరీ దాకా వెళ్లారు. మా జిల్లా అంటేనే బత్తాయి. సీజన్లో లారీలకు లారీలు ఢిల్లీ దారి పడతాయి. ఇక్కడే రసం తీసి సీసాల్లో పోస్తే? 664వ నంబరు పుస్తకంలో ఒక పిడుగు దొరికింది: తీసినప్పుడు తియ్యగా ఉన్న రసం కొన్ని గంటలకు లిమోనిన్ అనే పదార్థం వల్ల చేదెక్కుతుందట. పుస్తకం చెబితే నమ్మేయడం సారు పద్ధతి కాదు. ఆదివారం పొద్దున ఆరింటికి ఎనిమిది గ్లాసుల రసం తీసి, ఒక్కో గ్లాసుకూ టైము రాసిన చీటీ అంటించి, అలమారులో వరుసగా పెట్టారు. గంటకొకటి తాగి, చేదుకు పదిలో ఇన్ని మార్కులని రాసుకుంటున్నారు. పదకొండింటికి వియ్యంకుడు వచ్చాడు. విషయం తెలియని ఇంటావిడ మధ్యాహ్నం పన్నెండు చీటీ ఉన్న గ్లాసు తీసి, మర్యాదగా ఇచ్చింది. వియ్యంకుడు మొగమాటస్తుడు. మొత్తం తాగి, మీసం తుడుచుకుని, "షుగరుకు మంచిదా, బావగారూ?" అన్నాడు. సారు ఉలిక్కిపడి లేచి, "చేదు ఎంత? పదిల ఎంత?" అని నోటుబుక్కు తెరిచారు.

చేదు విరిచే యంత్రాలూ ఉన్నాయని తరవాత తెలిసింది. వాటి ధర మీద స్టడీ నడుస్తోంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఈము పక్షుల కాలంలో నవ్వినవాళ్లందరం ఆయనకు బాకీపడ్డాం. 2010 ప్రాంతంలో ఆ మోజు ఎట్లా అంటుకుందో గుర్తుందా? జత కొంటే చాలు, గుడ్లు కొంటామని ఏజెంట్లు కార్లేసుకుని తిరిగారు. మా బజారులో ఐదిళ్ల వాళ్లు అప్పుకు సిద్ధమయ్యారు. సారు ఏజెంటును అరుగు మీద కూచోబెట్టారు.

"గుడ్డు ఎవరు కొంటరు?"

"పిల్లల్ని పొదిగేటోళ్లు సార్."

"పిల్లలను?"

"పెంచేటోళ్లు."

"మరి కోసుకుని తినేటోడు ఎవడు?"

ఏజెంటు మంచినీళ్లడిగాడు. సారు రెండు రోజులు మాంసం దుకాణాలన్నీ తిరిగి, కిలో ఈము మాంసం దొరికిన చోటు లేదని ఎర్ర పెన్నుతో రాసుకొచ్చారు. "గిది పరిశ్రమ గాదు. ఈకలున్న చిట్టీ." 2012లో తమిళనాడులో ఆ వ్యాపారం కుప్పకూలి, తిండి పెట్టేవాళ్లు లేక పక్షులు అలమటించిన వార్తలు వచ్చినప్పుడు, మా ఐదిళ్ల వాళ్లు ఆయనకు బత్తాయిలు తెచ్చి ఇచ్చారు. ఎందుకో ఆయన ముఖం చిట్లించారు.

ఆయనకు అంతకన్నా పెద్ద దెబ్బ సర్కారు నుంచి తగిలింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాయి. అందరూ కలెక్టరాఫీసు దగ్గరైందని మిఠాయిలు పంచుకుంటుంటే, సారు తల మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నారు. ఇరవై రెండేళ్ల పట్టికల్లో ఉన్న నల్లగొండ ఒక్కపూటలో మూడు ముక్కలైంది. హుజూర్‌నగర్ సిమెంటు సూర్యాపేటకు పోయింది. పోచంపల్లి ఇక్కత్ యాదాద్రికి పోయింది. అత్తగారి జిల్లా కదా అని రాసుకున్న పాలమూరు నోటుబుక్కులోంచి గద్వాల చీర జోగులాంబకు, వనపర్తి పల్లీలు వనపర్తికే పోయాయి. రెండేళ్లు కూచుని అన్నీ సర్దుకున్నారు. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరు జిల్లా అయి, చీరలు కట్టుకుని వెళ్లిపోయింది. "అన్నదమ్ములు పంచుకున్నా గిట్ల పంచుకోరు," అని కొత్త నోటుబుక్కుకు గీతలు కొట్టడం మొదలుపెట్టారు.

జడ్చర్లలో ఆయన మరదలుంది. ఒకనాడు ఫోన్ చేసి, "బావా, బాదేపల్లి మార్కెట్ల పల్లీలు మస్తుగ దిగుతున్నయి. పల్లీపట్టీలు జేద్దామనుకుంటున్న," అంది. సారు 46 పేజీల రిపోర్టు పంపారు. ఊళ్లో ఉండే ఆడవాళ్లు యూనిట్ పెడితే కేంద్ర పథకం కింద 35 శాతం సబ్సిడీ, చేతి పెట్టుబడి 5 శాతం అని అందులో ఉంది. పల్లీ సరిగా ఎండకపోతే బూజుతో వచ్చే విషం సంగతీ ఉంది. చివరి పేజీలో "తొందర వద్దు, ఇంకొంత అధ్యయనం అవసరం" అని కూడా ఉంది. మరదలు మొదటి రెండూ చదివింది. చివరి పేజీ దాకా రాలేదు.

మరుసటేడు సారు జడ్చర్ల పోతే, పట్టీ చేతిలో పెట్టింది. కొరికి, బాగుందని తలూపి, చుట్టిన కాగితం విప్పి చూస్తే తన చేతిరాతే. 46వ పేజీ. కోపమొచ్చిందా అంటే వచ్చింది, వేరే కారణానికి. "రాసిన కాగితంల తినే వస్తువు చుట్టగూడదు. 2018ల నిబంధన వచ్చింది. గది 31వ పేజీల రాసిన గదా!"

యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ ఉంది. 1971లో అక్కడ పెట్టిన సమాచార కేంద్రం సెన్‌డాక్ ఆయనకు కాశీ. ఆ యాత్రల్లోనే ఒక కథ తెచ్చారు. 1964లో అదే సంస్థ కాకినాడ వ్యాపారస్తులను పిలిచి శిక్షణ ఇచ్చింది. వెనక ఉన్నది హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్. ఆయన పరీక్షల్లో రింగుల ఆట ఒకటి. మేకుకు రింగు వెయ్యాలి, ఎంత దూరంలో నిలబడతావో నీ ఇష్టం. సాధించాలన్న తపన ఉన్నవాడు మరీ దగ్గర నిలబడడు, మరీ దూరం పోడు, గెలుపు కష్టమైనా అందేటట్టున్న చోట నిలబడతాడు. సారు ఈ కథ చెప్పి, "ఆ దూరం ఎన్ని ఫీట్లో రాయలేదు," అని బాధపడ్డారు.

మొన్న చెరువుగట్టు జాతరలో సారు దంపతులు నాకు కనబడ్డారు. రింగుల దుకాణం ముందు నిలబడ్డారు. తెల్లగుడ్డ మీద సబ్బులు, దువ్వెనలు, స్టీలు గ్లాసులు. సారు చేతిలో రింగు ఉంది. దాని అడ్డం కొలిచారు. సబ్బు మూల నుంచి మూలకు ఎంతుంటుందో కంటితో లెక్కగట్టారు. ఒకడుగు ముందుకేసి, అడుగున్నర వెనక్కొచ్చారు.

"సారూ, పావుగంటాయె," అన్నాడు దుకాణం పిలగాడు. "ఏస్తవా, ఇస్తవా?"

ఇంటావిడ ఆయన చేతిలోంచి రింగు తీసుకుని, కొంగు సర్దుకుంటూ విసిరేసింది. సరిగ్గా సబ్బు మీద పడింది.

సారు ఆ సబ్బు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ముఖం వెలిగిపోయింది. "20231," అన్నారు.

ఆవిడ అప్పటికే రెండో రింగుకు కొంగుముడి విప్పుతోంది.