ఒక్క ఊపిరి

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలించిన ఒకావిడ ఉంది. పేరు బయటపెట్టలేదు; శాస్త్ర పత్రికల్లో ఆవిడ ఎస్.ఎం. అనే రెండు పొడి అక్షరాలే. ముగ్గురు పిల్లల తల్లి. ఉర్బాక్-వీటే అనే అరుదైన జన్యు వ్యాధి ఆవిడ మెదడులో రెండు అమిగ్డాలాలనూ తినేసింది. కణతలకు లోపలి వైపున బాదంగింజంత ఉండే ఈ ముద్దలే, కంటికో చెవికో అందిన ప్రమాదాన్ని పసిగట్టి గుండె దడ పుట్టిస్తాయి. అవి పోయాక భయమూ పోయింది.

ఒక రాత్రి పార్కులో ఎవడో ఆవిడ మెడ మీద కత్తి పెట్టాడు. కంగారు పడకుండా వాడికి జవాబు చెప్పి, పరుగైనా తీయకుండా ఇంటికి నడిచి వెళ్లింది. మర్నాడు మళ్లీ ఆ పార్కు దారినే నడిచింది. దీన్ని ధైర్యం అనడానికి నాకు మనసొప్పదు. భయపడాల్సిన చోట భయపడలేకపోవడం అవిటితనమే.

శాస్త్రవేత్తలు ఊరుకుంటారా? పాములు అమ్మే దుకాణానికి తీసుకెళ్లారు. పాములంటే గిట్టదని చెబుతూ వచ్చిన మనిషి ఒకదాన్ని చేతిలోకి తీసుకుని దాని నాలుక ముట్టుకుంది. కరుస్తాయని చెప్పినా వినకుండా, పెద్ద పాముల్ని తాకుతానని 15 సార్లు అడిగింది. హాలోవీన్‌కి దయ్యాల కొంపగా మార్చిన వేవర్లీ హిల్స్ పాత క్షయ ఆస్పత్రిలో అందరికన్నా ముందు నడిచింది. తల ఎలా ఉంటుందో చూద్దామని ఒక దయ్యం వేషగాణ్ణి నెత్తిన పొడిచింది. జడుసుకున్నది దయ్యమే.

ఇక మిగిలింది గాలి. మనం పీల్చే గాలిలో 0.04 శాతముండే బొగ్గుపులుసు వాయువును 35 శాతానికి పెంచి, మాస్కు తగిలించి, ఒక్కసారి పీల్చమన్నారు. ఎలుకల్లో ఈ వాయువు రేపే భయానికి అమిగ్డాలా కారణమని 2009లో తేలింది. కాబట్టి ఈవిడకు చీమ కుట్టినట్టయినా ఉండదని లెక్క వేశారు.

కొన్ని క్షణాలకే ఆవిడ మాస్కు వైపు చెయ్యి ఊపుతూ కాపాడమని కేక పెట్టింది. ఇలాంటిది ఎన్నడూ ఎరగనని తర్వాత చెప్పింది. పాము బయటి నుంచి వస్తుంది. ఊపిరాడని కబురు రక్తంలోనే పుడుతుంది. దానికి మెదడులో వేరే దారి ఉంది.

అదే జబ్బున్న కవల అక్కచెల్లెళ్లకూ ఆ గాలి పట్టించారు. వాళ్లూ బెంబేలెత్తారు. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి: భయమెరుగని ముగ్గురికి ముగ్గురూ హడలిపోయారు. పోలిక కోసం, అమిగ్డాలాలు నిక్షేపంగా ఉన్న 12 మందికీ అదే గాలి పట్టిస్తే, వాళ్లలో హడలిపోయింది ముగ్గురే.