సైదులు పాత, సైదులు కొత్త

మా నల్గొండ, పాలమూరు జిల్లాల్లో వెనకటికి పిల్లలకు పేరు పెట్టే అధికారం అమ్మానాన్నలది కాదు, గుట్టలది. ఏ గుట్టకు మొక్కితే ఆ పేరు. యాదగిరిగుట్టకు మొక్కితే యాదయ్య, యాదగిరి, యాదమ్మ. అక్కడి స్వామి పేరే కావాలంటే నర్సింహ, నర్సయ్య, నర్సిములు. చెర్వుగట్టు రామలింగేశ్వరుడికో, సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు లింగమంతుల స్వామికో మొక్కితే లింగయ్య. పాలమూరు దిక్కు కురుమూర్తి స్వామి పుణ్యమా అని కుర్మయ్యలు. నల్లమల అంచున ఏకంగా క్షేత్రం పేరే మనిషి పేరు: శ్రీశైలం. ఇక పాలకీడు దగ్గరి జాన్‌పహాడ్ దర్గాకు మొక్కినవాళ్ల ఇళ్లల్లో, అందులో హిందువులే ఎక్కువ, సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి. ఊరికి నలుగురు సైదులుంటే దర్గాకు కష్టం లేదు, ఊరికీ కష్టం లేదు. కష్టమంతా టాలీకి.

ఆ సాఫ్ట్‌వేర్ పుట్టుకే అలాంటిది. శ్యాంసుందర్ గోయెంకా అనే వ్యాపారి మిల్లులకు ముడిసరుకు, యంత్రాల విడిభాగాలు సరఫరా చేసేవారు. తన లెక్కలకు సరిపడే ప్రోగ్రాం బజారులో దొరక్క, గణితం చదివిన కొడుకు భరత్ గోయెంకాతో రాయించుకున్నారు. అలా 1986లో మొదలైన కంపెనీ బెంగళూరులో పెరిగి పెద్దదైంది, కొడుక్కి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. అంతా బాగానే ఉంది. కానీ ఆ తండ్రి ఖాతాల్లో పార్టీలు మిల్లులు. మిల్లులకు మొక్కులుండవు. అందుకని ఒక పేరుతో ఒక్క ఖాతాయే ఉండాలని రూలు పెట్టుకున్నా వాళ్లకు ఇబ్బంది రాలేదు. అదే రూలు దేవరకొండలో మా మామ ఎరువుల దుకాణానికి వచ్చేసరికి కథ మారింది.

దేవరకొండ అంటే ఇటు నల్గొండ గిరాకీ, అటు డిండి దాటి వచ్చే పాలమూరు గిరాకీ. రెండు జిల్లాల దేవుళ్లూ ఆ కౌంటరు దగ్గరే కలుస్తారు. రెండో సైదులు వచ్చిన రోజు, ఆ పేరుతో ఖాతా ముందే ఉందని కంప్యూటర్ అడ్డం చెప్పింది. ఆపరేటర్ పిల్లవాడు తెలివైనవాడు, 'సైదులు 1' అని కొట్టాడు. వాడు మానేశాక వచ్చినవాడు 'సైదులు కొత్త' అన్నాడు. ఆ తర్వాత వచ్చిన అమ్మాయి కొత్త అన్నాక పాత ఉండాలి కదా అని 'సైదులు పాత' తెరిచింది. ఈ పాత సైదులు కొత్త సైదులు కంటే ఏడాది చిన్న ఖాతా. 'సైదులు పొడుగు', 'సైదులు బోరు ఫెయిల్', 'సైదులు తెల్లబండి' అని ఇంకా ఉన్నారు. తెల్లబండి సైదులు ఆ బండిని సైదులు 1కి అమ్మేశాడు. అప్పటినుంచి ఎవరి బిల్లు ఎవరి ఖాతాలో పడుతున్నదో జాన్‌పహాడ్ సైదులుకే తెలియాలి.

ఖాతాలు పదిహేను వందలు దాటాయి, మనుషులు మాత్రం అంతమంది లేరు. మార్చి దగ్గరపడేసరికి ఆడిటర్ గారు పార్టీల లిస్టు శుభ్రం చేస్తే గాని ఫైలు ముట్టనన్నారు. హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తీసుకునే మేనల్లుడు ఉన్న ఇంట్లో ఇలాంటి పని ఎవరి మెడకు చుట్టుకుంటుందో వేరే చెప్పాలా?

"అల్లుడా, ఏం లేదు. డబుల్ ఉన్నయి తీసెయ్. గంట పని" అన్నాడు మామ.

ఇలాంటి పనిలో తీసెయ్యడం అనే మాటే లేదు. ఒక్క ఎంట్రీ ఉన్నా ఆ ఖాతా డిలీట్ కాదు. రెండింటిని ఒకటి చేయాలంటే ముందు బ్యాకప్ తీసుకుని, ఒకదాంట్లోని వోచర్లు ఒక్కొక్కటి తెరిచి, పేరు మార్చి, అది పూర్తిగా ఖాళీ అయ్యాక తొలగించాలి. ఊళ్లల్లో చిల్లర దుకాణాలు పెట్టుకుని మామ దగ్గర సరుకు ఎత్తే డీలర్ల విషయంలో అదీ కుదరదు. వాళ్ల బిల్లులతో జీఎస్టీ రిటర్నులు ఎప్పుడో వెళ్లిపోయాయి, పాత బిల్లులో పార్టీని కదిలిస్తే దాఖలు చేసినదానికీ పుస్తకానికీ పొత్తు కుదరదు. కొత్త ఆర్థిక సంవత్సరం మొదటి రోజున జర్నల్ ఎంట్రీ వేసి బాకీని ఇటునుంచి అటు జరపడమే క్షేమం. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, డీలర్లను గుర్తుపట్టడం తేలిక. జీఎస్టీ నంబరులో పదిహేను అక్షరాలు, మొదటి రెండూ మన 36, తర్వాతి పది పాన్. లింగయ్య ట్రేడర్స్ అని ముగ్గురున్నా నంబరు చూస్తే ముగ్గురూ విడివిడిగా నిలబడతారు.

రైతుకు ఆ నంబరు ఎక్కడిది? ఇంటిపేరు చూద్దామంటే, చందంపేట దిక్కు తండాల్లో తండా తండా అంతా రమావత్‌లో, నేనావత్‌లో అయి కూర్చున్నవి ఉన్నాయి. ఫోన్ నంబరు చూద్దామంటే, నంబరు అడిగితే గిరాకీ విసుక్కుంటున్నాడని మన ఆపరేటర్లు అందరికీ మామ నంబరే కొట్టిపెట్టారు. బాకీలు గుర్తుచేస్తూ ఆటోమేటిక్‌గా మెసేజీలు పంపే ఏర్పాటు పోయిన దసరాకు మొదలుపెడితే, ఊరంతటి బాకీ కట్టమని మామకే వచ్చాయి. ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట.

అడ్రసు చూద్దామా అంటే, అది ఇంకో పురాణం. 2016 దసరా నాడు నల్గొండ మూడు జిల్లాలైంది, పాలమూరు నాలుగై కొన్ని మండలాలు పక్క జిల్లాలకు పోయాయి. 2019లో నారాయణపేట వేరుపడింది. పాలమూరు జిల్లా మాడ్గుల నుంచి వచ్చే కుర్మయ్య రంగారెడ్డి జిల్లావాడయ్యాడు. పొలం అక్కడే ఉంది, బోరు అక్కడే ఉంది, ఎండిపోవడం కూడా అలాగే ఎండిపోయింది. మా దగ్గర మాత్రం పాలమూరు కుర్మయ్య ఒకడు, రంగారెడ్డి కుర్మయ్య ఒకడు. జిల్లాలు నయం. 2014 జూన్‌కు ముందు తెరిచిన ఖాతాల్లో రాష్ట్రం గడిలో ఆంధ్రప్రదేశ్ అని ఉండిపోయింది. 2017 జూలైలో జీఎస్టీ రాగానే, ఆ గడిని చూసి లెక్క కట్టే కంప్యూటర్, పక్క వీధి నుంచి చెప్పులేసుకుని నడిచొచ్చిన మనిషికి పరాయి రాష్ట్రానికి సరుకు పంపినట్టు ఐజీఎస్టీ వేసింది. తెలంగాణ వచ్చిన సంగతి ఆ ఒక్క గడికి తెలియడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

అందరికంటే అన్యాయమైపోయినవాడు శ్రీశైలం. అచ్చంపేట దగ్గరి రైతు, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన బాకీ చూస్తే నలుగురి బాకీ అంత ఉంది. తవ్వితే ఏటా ఒక ఎంట్రీ తేలింది, సరిగ్గా శివరాత్రి వారంలో. లాడ్జి గది, డీజిల్, అభిషేకం టికెట్లు, ఇంట్లో ఆడవాళ్లకు గాజులు. మామ కుటుంబంతో శ్రీశైలం పోయొచ్చి, ఖర్చు రాయమని చీటీ ఇస్తాడు. ఆపరేటర్ మొదటి మూడక్షరాలు కొట్టగానే లిస్టులో శ్రీశైలం దిగుతుంది, ఎంటర్ కొడతాడు. దేవుడి ఖర్చు రైతు నెత్తిన. విచిత్రం ఏమిటంటే, ఆయన అందులో చాలా భాగం కట్టేశాడు. పిలిచి అడిగితే, "కంప్యూటర్ల ఉన్నది గదా సారూ, అబద్ధం చెప్తదా?" అన్నాడు. మామ ముఖం చూడాలి ఆ పూట. ఆ డబ్బంతా తిరిగి జమ వేయించి, చాయ్ తెప్పించి, ఆయన వెళ్లాక నన్ను చూసి, "చానా ఏండ్ల సంది ఆయన పైసలతోటి దర్శనం చేసుకుంటున్నం, పుణ్యం ఎవరికి వోయిందో" అని దిగులుపడ్డాడు. దానికి జర్నల్ ఎంట్రీ లేదు.

చనిపోయినవాళ్లు ఇంకో తరగతి. ఒక లింగయ్య కాలం చేసి నాలుగేళ్లు, పోయిన నెల యూరియా తీసుకున్నాడు. కొడుకు వచ్చి "నాయన ఖాతల రాయి" అంటాడు, మామ రాస్తాడు. నలభై అయిదు కిలోల యూరియా బస్తా అమ్మాలంటే ఈ-పాస్ మిషన్‌లో వేలిముద్ర పడాలి, అక్కడ కొడుకు వేలు పెడతాడు. మిషన్ ప్రకారం కొన్నది కొడుకు, టాలీ ప్రకారం బాకీ స్వర్గస్థుడిది. పేరు మార్చనా అంటే మామ ఒప్పుకోలేదు. "తండ్రి పేరు మీద ఉంటే కడ్తడు. వాని పేరు మీదికి మారిస్తే వాడు నా లెక్క మతలబు అడుగుతడు."

మరి కట్టేటప్పుడు? ఫోన్‌పే. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో లింగయ్యలు, సైదులులు ఎవరూ కనబడరు. సాయిచరణ్, రిత్విక్, మణిదీప్. మనవలు పంపుతారన్నమాట. ఏ రిత్విక్ ఏ కుర్మయ్య మనవడో తెలియక ఆ డబ్బంతా సస్పెన్స్ ఖాతాలో పడి ఉంది. పేరుకు తగ్గట్టే ఉంది ఖాతా. మామ సాయంత్రం పూట దాన్ని ముందేసుకుని, "పద్దెనిమిది వందలు... పద్దెనిమిది వందలంటే పత్తిమందు... గుడిపల్లి రామలింగయ్య బిడ్డ కొడుకు హైదరాబాద్‌ల చదువుతుండు" అని డిటెక్టివ్‌లా తేలుస్తుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. పదిహేను వందల ఖాతాలకు బంధుత్వాలన్నీ ఆయన తలలో ఉన్నాయి, వియ్యపు వరసలతో సహా. కంప్యూటర్‌లో లేనివి అవే.

బస్తాల కోసం వచ్చి కూర్చున్నవాళ్లు కూడా ఈ పనిలో తలా ఒక చెయ్యి వేశారు. తెర మీద పేరు చదివితే చాలు, "ఆయనకు ఇద్దరు పెండ్లాలు, రెండు ఖాతాలు ఉండనియ్యి" అని ఒకరు, "ఆ యాదగిరి బొంబాయి వొయిండు, దసరాకు వస్తడు, అప్పటిదాంక ముట్టకు" అని ఒకరు. నేను పేరు కింద అలియాస్ అనే గడి వాడడం మొదలుపెట్టాను: యాదయ్య, అలియాస్ చింతచెట్టు యాదయ్య. వెనక నుంచి తొంగిచూసిన పెద్దాయన ఉలిక్కిపడి, "అలియాస్ అని రాస్తున్నవు, నా మీద కేసేమన్న అయిందా?" అని అడిగాడు. ఆ మాట పేపర్లో ఎవరి పేర్ల పక్కన చదివాడో అందరికీ తెలుసు కాబట్టి నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. సైదులు కొత్త మాత్రం తన రెండు ఖాతాలు కలుపుతున్నానని తెలిసి దగ్గరికొచ్చి మెల్లగా, "ఒక్కటి చేస్తే నాకు లాభమా, దుకాణానికి లాభమా?" అన్నాడు. బాకీ పెరుగుతుందని చెప్పగానే తనకు ఇంకో సైదులు పరిచయమే లేదన్నాడు.

రావని తేలిన బాకీలు కొట్టేద్దాం, లిమిటేషన్ చట్టం ప్రకారం మూడేళ్లు దాటితే కోర్టుకెళ్లినా లాభం లేదన్నాను. మామ అద్దాలు తీసి నన్ను జాలిగా చూశాడు. "కొట్టేసినవనుకో, వాడు రేపు పైసలు తెస్తే ఏడ రాసుకుందాం? పత్తి ఏరినంక ఇస్తనన్నడు." ఏ ఏటి పత్తి అని నేను అడగలేదు.

చివరికి లిస్టు వెయ్యికి లోపు దిగింది. ఆడిటర్ గారు నల్గొండ నుంచి స్వయంగా వచ్చారు, కళ్లజోడు సవరించుకుని పేజీలు తిప్పారు, తల ఊపారు. ఒకచోట వేలు ఆగింది.

"ఇదేంటి, 'బత్తాయి సార్'? పేరు లేదు, ఊరు లేదు. డ్రిప్ పైపులు, మందులు, ఎనభై వేల పైన బాకీ. ఇలాంటివి ఉండకూడదని కదా చెప్పింది."

నేను మామ వైపు చూశాను. మామ గల్లాపెట్టె వైపు చూశాడు. ఆడిటర్ గారికి కనగల్ దగ్గర నాలుగెకరాల బత్తాయి తోట ఉన్న సంగతి ఆ గదిలో ఆయనతో సహా ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"అది గట్లనే ఉండనియ్యుండ్రి సార్" అన్నాడు మామ, చాయ్ గ్లాసు ఆయన ముందుకు జరుపుతూ. "మీ ఫీజు మేమియ్యాల్సింది కింద ఇంకో పేరు మీద ఉన్నది. రెండు కలిపితే మా అల్లునికి మళ్ల పని వడ్తది."

ఆయన రెండో పేజీ తిప్పి, ఆ ఫీజు ఖాతా కింది మొత్తం ఎంతుందో చూసుకుని, సంతకం పెట్టారు.