జేబు ఉన్నవాడిదే నడక

మనం బద్ధకస్తులమని 2017లోనే తేలిపోయింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 111 దేశాల్లో 7 లక్షల మందికి పైగా జనం ఫోన్లలో అడుగులు లెక్కపెట్టారు. హాంకాంగ్ మనిషి రోజుకు 6,880 వేస్తుంటే మనవాడు 4,297తో సరిపెడుతున్నాడన్నారు. ఇంకేం, పేపర్లూ టీవీలూ జాతి మొత్తాన్నీ సోఫాలో కూలేశాయి.

ఇంతకీ ఆ 7 లక్షల మందీ ఎవరయ్యా అంటే, ఫోన్‌లో వ్యాయామం యాప్ వేసుకున్నవాళ్లు. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, పని దొరక్క బస్తీకి కాళ్లీడ్చుకుపోయే కూలీ అందులో లేడు. బస్సు ఛార్జీ మిగుల్చుకుందామని నడిచేవాడికి నడక యాప్ దేనికి? 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవాళ్లలో అయిదో వంతుకు పైగా కాలినడకనే పనికి పోతున్నామన్నారు. యాప్ లేదు, జీపీఎస్ లేదు. ఎన్యూమరేటర్ గుమ్మంలో నిలబడి నోటితో అడిగాడంతే.

ఆడవాళ్ల అడుగులు మరీ తక్కువట. కొంత నిజమే కావచ్చు. కానీ చీరకు జేబేది? ఆవిడ పిల్లాణ్ని బడిలో దింపి, రేషన్ షాపుకెళ్లి, బియ్యం సంచీ చంకనెత్తుకుని వచ్చేదాకా ఫోన్ టీవీ పక్కన ఛార్జింగ్‌లో హాయిగా పడుకుని ఉంటుంది. సాయంత్రం అదే ఫోన్ ‘ఈరోజు మీరు కదల్లేదు’ అని ఆవిడకే బుద్ధి చెబుతుంది!

పోనీ, జేబులో ఉన్నంత మాత్రాన దానికేం తెలుసు? కుదుపు తెలుసు, వేగం తెలుసు. ఎందుకు నడుస్తున్నామో తెలీదు. వేగం ఒక్కటే చూసి తీర్పు చెప్పే యాప్ అయితే, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ కారులో ఇరుక్కున్న పెద్దమనిషి కూడా పాదచారే. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ అడ్డొచ్చి రోడ్డు మీదకి దిగి, లారీ కింద పడకుండా మళ్లీ పైకెక్కినవాడి ఖాతాలో మాత్రం నాలుగడుగులే. కేబీఆర్ పార్కుకి కారులో వచ్చి, చుట్టూ తిరిగి, కారులోనే పోయే ఆయనకు పదివేల అడుగుల పతకం. ఆ పదివేలు కూడా 1965లో జపాన్ కంపెనీ ఒకటి తన అడుగుల మీటరుకు పెట్టుకున్న పేరులోంచి ఊడిపడ్డవే.

రేపు ఈ లెక్కలు చూసి ఫుట్‌పాత్‌లు వేయమంటే కేబీఆర్ పార్కు చుట్టూ ఇంకో వరస వేస్తారు. అడ్డా నుంచి బస్తీకి పోయే దారిలో నడిచేవాళ్లే లేరు కదా, అక్కడ ఫ్లైఓవర్ కడతారు.