‘మనోడు సేసినాడు’ – టీకా తాత్పర్య సహితము

మూలము

“మనోడు సేసినాడు గాని ఆళ్ల పేపరు రాయనేదు. ఆళ్లోడు సెయ్యనేదు గాని ఆళ్ల పేపరు రాసీసింది. జనానికి అన్నీ తెల్సు. ఈపాలి మనదే.”

అవతారిక

సూత్రకారుడు శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీ గుమాస్తా. సొంతూరు ఉద్దానం లోపల. అక్కడ కాస్త జీడితోట, నాలుగు కొబ్బరిచెట్లు. 2024 ఎన్నికల కాలంలో, పొద్దున్నే తొలి టీ దిగే వేళ, పేపరు మడత విప్పుతూ ఈ సూత్రాన్ని వెలువరించాడు. దీనికి రెండు ప్రతులు దొరుకుతున్నాయి. రోడ్డుకు ఈ పక్క టీకొట్టులో వినబడేది తెలుగుదేశం వారి పసుపు ప్రతి, ఆ పక్క కొట్టులో వినబడేది వైఎస్సార్ కాంగ్రెస్ వారి నీలి ప్రతి. మామూలుగా ప్రతుల్లో పాఠం మారుతుంది, అర్థం ఒక్కటే ఉంటుంది. ఇక్కడ పాఠంలో అక్షరం తేడా లేదు, అర్థాలు మాత్రం ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ప్రస్తుత టీక రెండు ప్రతులనూ ఆదరించింది.

మంగళాచరణం లేదేమని కొందరు ఆక్షేపించవచ్చు. ఈ జిల్లా ఓటరుకు ఆ పని నాయకులే చేసిపెడతారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003లో చేవెళ్లలో మొదలెట్టిన పాదయాత్రను ఇచ్ఛాపురంలో ముగించారు. కూతురు షర్మిల 2013లోనూ, కొడుకు జగన్మోహన్‌రెడ్డి 2019 జనవరి 9నా అక్కడికే నడిచొచ్చారు. నారా లోకేశ్ 2024 ఫిబ్రవరి 11న శంఖారావం మొదలెట్టిందీ అక్కడే. ఒకరికి గ్రంథాంతం, మరొకరికి గ్రంథారంభం. మధ్యలో కవిటి, సోంపేట, మందస అనే పుటలు కూడా ఉన్నాయని నడిచినవాళ్లకు తెలుసు. నడక అయ్యాక ఆ పుటలు తిప్పినవాళ్లు తక్కువ.

ప్రతిపదార్థము

మనోడు = మనవాడు. ఎవరికి ‘మన’? కులానికా, జిల్లాకా, జెండాకా? ఈ పదం మీద పూర్వాచార్యులు చాలా తన్నుకున్నారు. 1969 రాష్ట్రపతి ఎన్నిక చూడండి. ఒక పక్క అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఇంకో పక్క వి.వి. గిరి, మన రైలు మార్గంలోనే పైనున్న బరంపురంలో పుట్టినవాడు, ఇందిరాగాంధీ మనసులోని అభ్యర్థి. ఇద్దరూ తెలుగువారే, ఇద్దరూ కాంగ్రెస్‌లో పెరిగినవారే. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమని ఆవిడ పిలుపిచ్చారు. పార్టీ మనిషికి ఇంతకు మించిన శిక్ష లేదు. పార్టీ ఉన్నదే అంతరాత్మను అడిగే శ్రమ తప్పించడానికి కదా! మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగం రాలేదు. రెండో ప్రాధాన్యం లెక్కించాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. ఆగస్టు 20న ఫలితం వచ్చినప్పుడు ఇక్కడి కాంగ్రెస్ అభిమాని ‘మనోడు గెలిసినాడు’ అని, ‘మనోడు ఓడినాడు’ అని ఒకే నోటితో అనగలిగాడు. (ఎన్నికలే బూటకమన్న నక్సలైటు సూత్రకారులు ఆ ఏడు బొడ్డపాడు వైపు వేరే ఉన్నారు. వారి దర్శనం ఈ టీక పరిధి దాటింది.)

శంక: 2022 రాష్ట్రపతి ఎన్నికలో ఈ సూత్రం ఎందుకు వినబడలేదు? సమాధానం: ‘ఆళ్లు’ లేకపోవడం చేత. ఆ ఎన్నికలో ఆంధ్ర శాసనసభ్యుడి ఓటు విలువ 159. పోలైన 173 ఓట్లూ పక్క రాష్ట్రపు ద్రౌపది ముర్ముకే పడ్డాయి. పసుపు, నీలం ఒకే పెట్టెలో పడ్డాయి. యశ్వంత్ సిన్హాకు ఇక్కడ సున్నా. ఆ వారం రెండు కొట్లలోనూ జనం టీ తాగి లేచిపోయారు. అదే 2024 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికొస్తే సూత్రకారుడు ఊపిరి పీల్చుకున్నాడు. ఉపాధ్యక్ష అభ్యర్థి వాన్స్ భార్య ఉష పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు అని టీవీలు చూపించేసరికి ‘మన పిల్ల’ అనేశాడు. కమలా హారిస్ తాతగారి తులసేంద్రపురం తమిళనాడులో ఉన్నందున ఆమె ‘ఆళ్ల పిల్ల’ అయింది. గర్భస్రావం, సుంకాలు, వలసలు అనే విషయాలు ఆ దేశంలో నడిచాయని తర్వాత విన్నాడు. సుంకాల మాటకు మాత్రం ఒక్క క్షణం గ్లాసు దించాడు, రొయ్యల చెరువుల బంధువులు ఉన్నారు మరి.

టెక్కలి వారికి ఈ పదం ఇంకో రకంగా చేదు. 1994లో ఎన్.టి. రామారావుని గెలిపించారు. హిందూపురమూ గెలిపించింది. ఆయన హిందూపురం ఉంచుకుని టెక్కలి వదిలేశారు. ముఖ్యమంత్రి మనోడే, నియోజకవర్గం మాత్రం మనది కాదు. ఇలాంటి సందర్భంలో ‘మనోడు’కు షష్ఠీ విభక్తి పట్టదు.

సేసినాడు = చేశాడు. ఈ టీకకు ఇదే గుండెకాయ. వ్యాకరణంలో క్రియ ఉంటే కర్త ఉండాలి. ఉద్దానంలో క్రియలు తక్కువ, కర్తలు ఎక్కువ. ఉద్దానాన్ని పీడించే కిడ్నీ జబ్బు కోసం కట్టిన పలాస కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తీసుకోండి. శంకుస్థాపన 2019 సెప్టెంబరులో, ప్రారంభం 2023 డిసెంబరు 14న. రెండు రోజులూ ముఖ్యమంత్రి జగనే. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో ఉద్దానానికి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం ప్రారంభమూ అదే రోజు. నీలి ప్రతిలో కర్త స్పష్టం, ఫొటోతో సహా. పసుపు ప్రతి ఒప్పుకోదు. డయాలసిస్ కేంద్రాలు ఎవరి హయాంలో వచ్చాయి, ఎన్టీఆర్ సుజల పేరుతో శుద్ధిజల కేంద్రాలు ఎవరు పెట్టారు, రోగులకు 2,500 పింఛను ఎవరు మొదలెట్టారు అని అడుగుతుంది. ఆ పింఛను 10,000 చేసిందెవరని నీలి ప్రతి ఎదురడుగుతుంది. ఈ మధ్యలో మూడో ప్రతి ఒకటి లేచింది, ఎరుపు అంచుది. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి రోగులతో మాట్లాడాకే రెండు ప్రభుత్వాలకూ ఉద్దానం కనబడిందని దాని వాదం. వ్యాకరణంలో ఇతణ్ణి ప్రయోజక కర్త అంటారు. చేసినవాడు కాడు, చేయించినవాడు.

కర్తలింత మంది ఉన్న ఈ వాక్యంలో రోగానికి మటుకు కర్త దొరకలేదు. హార్వర్డ్ వైద్యుడు బోన్‌వెంత్రె దాకా వచ్చి వెళ్లారు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని చేసి నీళ్లు చాలక అన్నారు. తేలలేదు. కాబట్టి ఇక్కడి వ్యవహారంలో మందుకు ముగ్గురు కర్తలు, జబ్బుకు ఎవరూ లేరు. వారానికి రెండు మూడు సార్లు మిషను పక్కన పడుకునేవాడు కర్మ. ఆ శబ్దానికి ఉన్న రెండర్థాలలో ఏది తీసుకోవాలో పాఠకుడే నిర్ణయించుకోవలెను.

పాఠాంతరము: భావనపాడు రేవు అని పాత పాఠం, మూలపేట రేవు అని కొత్త పాఠం. సముద్రం అదే, సంతబొమ్మాళి మండలం అదే. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన నాటికి రెండోది స్థిరపడింది. పేరు మారితే కర్త మార్చుకోవడం సులువని పరిష్కర్తల అభిప్రాయం.

గాని = అయినప్పటికీ. అక్షరాలు రెండే అయినా సూత్రం మొత్తం దీని మీదే నిలుచుంది. పార్టీ అభిమానిని తీసుకెళ్లి ‘గాని’ లేని వాక్యం ఒక్కటి చెప్పమనండి. చెప్పలేడు.

ఆళ్ల పేపరు = ఎదుటిపక్షపు దినపత్రిక. రామోజీరావు ఈనాడును 1974 ఆగస్టు 10న విశాఖలోనే ప్రారంభించారు. అంటే ఉత్తరాంధ్ర ఇంటికి అది పెద్ద కొడుకు కిందే లెక్క. తెలుగుదేశం 1982లో పుట్టాక పెద్ద కొడుకు ఎటు మొగ్గాడో ఇంటిల్లిపాదికీ తెలుసు. కాంగ్రెస్ అభిమానికి అప్పుడు ఫిర్యాదు ఉంది కాని పేపరు లేదు. ముఖ్యమంత్రిగా రాజశేఖరరెడ్డి ‘ఆ రెండు పత్రికలు’ అంటూ ఉంటే తలాడించడమే అతని పని. 2008 మార్చిలో జగన్ పెట్టిన సాక్షి వచ్చింది. అంతవరకు సగమే ఉన్న సూత్రం అప్పుడు పూర్తయింది. ‘రాయనేదు’ పక్కన ‘రాసీసింది’ చేరింది, రెండు కొట్లూ సమానమయ్యాయి. తర్వాత జగన్ ‘ఎల్లో మీడియా’, ‘దుష్టచతుష్టయం’ అన్నారు. ఎదుటివాళ్లు సాక్షికి పెట్టిన పేర్లు ఇక్కడ రాస్తే టీక పొడుగవుతుంది.

విశేషమేమంటే, అభిమాని తన పేపరు చదవడు. అందులో ఏముందో ముందే తెలుసు, పెద్దక్షరాలు చూసి మడిచి చంకలో పెట్టుకుంటాడు. ఎదుటి పేపరు మాత్రం సంపాదకీయం నుంచి జిల్లా పేజీలో టెండరు ప్రకటన దాకా వదలకుండా చదువుతాడు. రాష్ట్రంలో ఏ పత్రికకైనా అత్యంత శ్రద్ధగల పాఠకులు దాని శత్రువులే. ఈ మాట చెప్పినందుకు టీకాకారుణ్ణి రెండు పత్రికల ప్రకటనల విభాగాలూ ఆశీర్వదించాలి.

రాయనేదు, రాసీసింది. ఇక్కడ ప్రయోగభేదం గమనించాలి. మంచి జరిగితే మన పేపరు కర్తరి ప్రయోగంలో రాస్తుంది, ‘నీళ్లిచ్చారు’ అని. చెడు జరిగితే అకర్మక క్రియ, ‘కొరత ఏర్పడింది’ అని. కొరత దానంతట అది ఏర్పడుతుంది, ఎవరికీ సంబంధం లేదు. ఎదుటి పేపరులో ఈ రెండూ తలకిందులవుతాయి. కుళాయి ఒక్కటే. ఒక పేజీలో దాని నుంచి నీళ్లు పడుతుంటాయి, ఇంకో పేజీలో దాని ముందు ఖాళీ బిందెలు ఉంటాయి. రెండు ఫొటోలూ నిజమే, తీసిన వేళలు వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం మీద పడి జీడి, కొబ్బరి చెట్లను పెళ్లగించినప్పుడు గాలే కర్త అని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. పరిహారం జాబితాలు గోడకు అంటించేసరికి గాలి కర్తృత్వం పోయింది.

ఇక పిక్కల ధర. ఎన్నికల ప్రచారమూ, జీడి పిక్కలు ఏరే కాలమూ ఒకేసారి వచ్చాయి. 80 కిలోల బస్తాకు 16 వేలు కావాలని రైతులు అడిగారు. ఆఫ్రికా దేశాల పిక్కలు దిగుమతవుతుంటే ఇక్కడి ధర లేవనంది. మీటింగుల్లో రెండు పక్షాలూ ఈ మాట ఎత్తాయి, పొడిగా ఎత్తి దించాయి. రెండు పేపర్లలోనూ ‘ధర పడిపోయింది’ అన్న ఒకే క్రియ. మా సూత్రకారుడు ఈ విషయంలో బొత్తిగా మాట్లాడడు. ఫ్యాక్టరీలో గుమాస్తాగా ధర పడాలి, తోటలో రైతుగా ధర లేవాలి. ‘మనోడు’ ఎవరో అతనికి తెలియని చోటు ఇదొక్కటే. టీకాకారుడి దృష్టిలో అతను పూర్తి నిజాయితీగా ఉన్న చోటూ ఇదే.

జనానికి అన్నీ తెల్సు. జనం = మన మీటింగుకు వచ్చినవారు. ఎదుటి మీటింగుకు వచ్చినవారు జనం కారు, ‘బస్సుల్లో తోలుకొచ్చినోళ్లు’. జగన్ ‘మేమంతా సిద్ధం’ బస్సుయాత్ర ఇడుపులపాయలో బయల్దేరి 2024 ఏప్రిల్ 24న టెక్కలి దగ్గర అక్కవరంలో ముగిసింది. అలాంటి సభ జరిగిన సాయంత్రం టీవీ ముందు కూర్చుంటే ఒక చానెల్‌లో డ్రోన్ పైకి లేస్తుంది, ఇంకో చానెల్‌లో కెమెరా వెనక కుర్చీల దగ్గరే తచ్చాడుతుంది. చంద్రబాబు సభ అయితే రెండు కెమెరాలూ చోట్లు మార్చుకుంటాయి. అసలు జనంలో సగంమంది ఇక్కడ లేరు. హైదరాబాద్‌లో, చెన్నైలో, గుజరాత్ రేవుల్లో ఉన్నారు. పోలింగుకు ముందు పలాస స్టేషన్లో దిగి, ఓటేసి, మర్నాటి రైలెక్కుతారు. వాళ్లు ఏ పేపరూ కొనరు. అభ్యర్థులు వాళ్ల టికెట్ల లెక్క కూడతారు గాని, వాళ్ల మనసులో ఏముందో లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

ఈపాలి మనదే. కాలము: భవిష్యత్తు. ప్రమాణము: కోరిక. పోలింగు మే 13, లెక్కింపు జూన్ 4. ఆ మూడు వారాల నడిమి కాలం అభిమానికి స్వర్గం. ఎవరూ ఓడలేదు, ఎవరినీ ఎవరూ ఓడించలేరు. జూన్ 1న ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. ఆరా మస్తాన్ నీలం వైపు, యాక్సిస్ మై ఇండియా తెలుగుదేశం కూటమి వైపు. ఎవరికి కావలసిన సర్వే వాళ్లకు దొరికింది, పందేలు కాసినవారికి నిద్ర మాత్రం దొరకలేదు. తర్వాత సంగతి చరిత్ర. ‘వై నాట్ 175’ అన్న పార్టీకి 11, కూటమికి 164. 2019లో ఉమ్మడి జిల్లాలో పదింట ఎనిమిది నీలానికిచ్చి, టెక్కలి, ఇచ్ఛాపురం మాత్రమే పసుపులో ఉంచిన జనం ఈసారి పదికి పది కూటమికిచ్చారు.

పసుపు ప్రతికారుడు ‘నానప్పుడే సెప్పినాను’ అన్నాడు. నీలి ప్రతికారుడు రెండు రోజులు కొట్టుకు రాలేదు. వచ్చాక కొత్త కర్తను వెంటబెట్టుకొచ్చాడు, పేరు ఈవీఎం. పసుపువారికి ఈ కర్త కొత్తేం కాదు. 2019లో చంద్రబాబు యంత్రాల మీద ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసినప్పుడు వాళ్లూ దాన్ని కొన్నాళ్లు వాడి, 2024లో శుభ్రంగా కడిగి ఎదుటివాళ్లకు అప్పజెప్పారు.

ఇప్పుడు మరో గ్రంథం మొదలైంది. పలాస దగ్గర విమానాశ్రయమట. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో భూములట. తోటలు పోతాయని రైతులు అడ్డం నిలుస్తున్నారు. ఒక కొట్టులో అభివృద్ధి అంటున్నారు, ఇంకో కొట్టులో అన్యాయం అంటున్నారు. రెండు పేపర్లూ కలం సానబెట్టాయి. సూత్రకారుడు ఇంకా నోరు విప్పలేదు. తన జీడితోట సర్వేలో ఉందో లేదో ముందు తెలియాలంటున్నాడు.